ఎడమ పక్క మాట, కుడి పక్క బొమ్మ

కుసుమకుమారి గొంతుకి ప్లైవుడ్ గోడలు అడ్డం కావు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ ఇన్‌స్టిట్యూట్‌లో గదికీ గదికీ మధ్య ఉన్నవి ఆ పల్చటి చెక్కలే. ఆమె క్లాసు నడుస్తున్నంతసేపూ పక్క గదిలో జావా చెప్పే ఆయన తన విద్యార్థులకి ఏదో ఒక ప్రోగ్రాము రాసుకోమని చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి కూర్చునేవాడు. పోటీపడి లాభం లేదని ఆయనకి తెలుసు.

ఆమెది పాలకొల్లు. పెళ్లికి ముందు అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. భర్త హనుమత్ప్రసాద్ బేగంపేట విమానాశ్రయంలో సరుకు రవాణా చేసే ఒక ఏజెన్సీలో గుమాస్తా. శ్రీనగర్ కాలనీలో రెండు గదుల పోర్షన్‌లో కాపురం పెట్టారు. ప్రసాద్ మితభాషి. ఎవరైనా వచ్చినప్పుడు ఆయన కుశలప్రశ్నలు అయ్యాక ఏం మాట్లాడాలో తెలియక కిటికీ వైపు చూస్తుంటే, "ఇద్దరికీ సరిపడా నేను మాట్లాడతాను లెండి" అని ఆమె అందుకునేది.

పిల్లలు కలగలేదు. కొన్నేళ్లు డాక్టర్ల చుట్టూ తిరిగారు. తిరగడం మానేసిన ఏడాదే ఆమె అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరింది. ముప్పై అయిదు దాటిన ఆడమనిషి అప్పుడే కాలేజీ వదిలిన వాళ్ల మధ్య ముందు బెంచీలో కూర్చుని, అర్థం కానిది అడిగి అడిగి చెప్పించుకునేది. కోర్సు అయిపోయేసరికి వెనక బెంచీల వాళ్లు సందేహాలు ఆమె దగ్గరే తీర్చుకోవడం మొదలుపెట్టారు. అది చూసిన ఇన్‌స్టిట్యూట్ యజమాని ఉమర్ ఆమెని పాఠాలు చెప్పమన్నాడు.

ఉమర్ పంజాగుట్టలో పుట్టి పెరిగినవాడు. కంప్యూటర్లు విప్పి బాగు చేసే పనితో మొదలుపెట్టి, ఆ అంతస్తు అద్దెకి తీసుకునేదాకా వచ్చాడు. ఆమె కంటే చిన్నవాడు. క్లాసులో మేడమ్ అనేవాడు, క్లాసు బయట అక్కా అనేవాడు.

ఆ రోజుల్లో ఉద్యోగం వెతుక్కునే ప్రతివాళ్ల చేతిలోనూ ఒక ప్రాజెక్టు రిపోర్టు ఉండేది. అందులో బొమ్మలు తప్పనిసరి. ఏటీఎంలో డబ్బు ఎలా వస్తుంది, రైలు టికెట్ ఎలా ఖరారవుతుంది, ఏ పని తర్వాత ఏ పని జరుగుతుంది, అన్నీ గళ్లూ బాణాలూ వేసి చూపించాలి. అందరూ వాటిని మౌస్‌తో గీసేవాళ్లు. ఒక గడిని పక్కకి జరిపితే బాణాలన్నీ చిక్కుపడేవి. కుసుమకుమారికి ఈ చిక్కులు తీసే ఓపిక లేదు. ఇంటర్నెట్‌లో వెతికి వెతికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టుకుంది. అందులో గీయడం ఉండదు, రాయడమే. 'కార్డు పెట్టు' అని రాసి, హైఫనూ మొనా కలిపి బాణంలా కొట్టి, 'పిన్ అడుగు' అని రాస్తే చాలు. రెండు గళ్లూ, మధ్యలో బాణమూ అదే వేసుకుంటుంది. ఏ గడి ఎక్కడుండాలో కూడా అదే చూసుకుంటుంది.

ఒక్కటే ఇబ్బంది. రాసినది సేవ్ చేసి, ప్రోగ్రాము నడిపి, తయారైన బొమ్మని విడిగా తెరిచి చూడాలి. తప్పుంటే మళ్లీ మొదటికి రావాలి. ఆమె అలా అవస్థపడుతుంటే ఉమర్ వెనక నుంచుని చూశాడు. కొన్నాళ్లు తన గదిలో తలుపేసుకుని ఏదో చేశాడు. తర్వాత ఆమెని పిలిచి చూపించాడు. తెర రెండు భాగాలైంది. ఎడమ పక్క రాసుకోవచ్చు. రాస్తుండగానే కుడి పక్క బొమ్మ మారిపోతుంది.

ఆమె ఒక వరుస రాసింది. బాణం వచ్చింది. చెరిపింది. పోయింది. మళ్లీ రాసింది.

"ఏంటిది ఉమర్! నువ్వు మామూలోడివి కాదయ్యా!"

"నాదేమున్నది అక్కా. మీరు గన్నిసార్లు సేవ్ కొడుతుంటే చూసేటోళ్లకే చేతులు నొస్తున్నయి."

అప్పట్నుంచి ఆమె బ్యాచ్‌లకి జనం పెరిగారు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఆమె పేరు తెలియనివాళ్లు తక్కువ. క్లాసులో ఎవరైనా తొందరపడి కీబోర్డు మీద చెయ్యి వేస్తే, "ఆగండి!" అనేది. "ముందు నోటితో చెప్పండి. ఎవరు? ఏం చేస్తారు? తర్వాత ఏమవుతుంది? మాట తిన్నగా ఉంటే బొమ్మ దానంతటదే తిన్నగా వస్తుంది." ఒక్కోసారి కావాలనే తప్పు రాసి, బొమ్మ పాడవగానే వెనక్కి తిరిగి, ఎక్కడుందో కనిపెట్టమనేది. విద్యార్థులకి అదొక ఆట.

ఆ ఆటే ఒకరోజు ప్రాణం మీదికి తెచ్చింది.

ఫిబ్రవరి నెల. ఉదయం బ్యాచ్. లైబ్రరీలో పుస్తకం అరువివ్వడం ఎలాగో గోడ మీద పెద్ద తెరపై చూపిస్తోంది. సభ్యుడు, కార్డు, పుస్తకం, మూడు గళ్లూ వచ్చాయి. నాలుగో వరుసలో అర్థం లేని అక్షరాలు పడ్డాయి. కుడి పక్క బొమ్మ మాయమై ఎర్రటి గీత ఒకటి వచ్చింది. విద్యార్థులు ముందుకి వంగారు.

"సెమికోలన్ పోయింది మేడమ్!" అన్నారెవరో.

"కాదు, బ్రాకెట్!"

ఆమె ఇంకొన్ని అక్షరాలు కొట్టింది. అవీ అలాంటివే. "ఆగండి" అంది. అందరూ ఆగారు. "ఆగండి, ఆగండి" అంది మళ్లీ. కొంతమంది తెర మీద ఉన్నది ఉన్నట్టు నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. ఆమె కుడి చేతిలో మార్కర్ కింద పడింది. వంగి తీసుకోలేదు. ముందు బెంచీలో అర్జూ అనే అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి తెర వైపు కాకుండా కుసుమకుమారి ముఖం వైపు చూసింది. నోరు ఒక పక్కకి జారి ఉంది.

"ఉమర్ సర్! జల్ది రండి! మేడమ్‌కు ఏదో అయితుంది!"

ఉమర్ ఆమెని చేతుల మీద మూడంతస్తులూ దించాడు. పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవర్ పనులు నడుస్తున్నాయి. ఆటో ఇసుక లారీల మధ్య ఇరుక్కుపోయింది. ఉమర్ ఆటో దిగి, చేతులు ఊపుకుంటూ ముందు నడిచి దారి చేయించి ఆసుపత్రికి చేర్చాడు.

ప్రసాద్ బేగంపేట నుంచి వచ్చేసరికి ఆమె మంచం మీద కళ్లు తెరిచి ఉంది. ఆయన్ని చూసి "ఆగండి" అంది. ఆయన నిజంగానే ఆగాడు. ఏదో చెప్పబోతోందనుకుని, మంచం పట్టె పట్టుకుని అలాగే నుంచున్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. కాసేపటికి మళ్లీ అదే మాట అంది. అప్పుడు గాని ఆయనకి భయం వేయలేదు.

"మెదడులో ఎడమవైపు దెబ్బతిందండీ" అన్నాడు డాక్టరు. "కాలు వస్తుంది. చెయ్యి కొంతవరకు రావచ్చు. మాట సంగతి నేను చెప్పలేను. మీరు చెప్పేది ఆవిడకి చాలావరకు అర్థమవుతుంది. ఆవిడ చెప్పాలనుకున్నది బయటికి రాదు. చదవడం, రాయడం కూడా అంతే. బాగా అలవాటైన చిన్న చిన్న పదాలు ఏమన్నా పోల్చుకుంటే పోల్చుకోవచ్చు."

ఇంటికి తెచ్చుకున్నారు. ఆమె దగ్గర ఒక్క మాటే మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా "ఆగండి". నొప్పి చేసినా "ఆగండి". సాయంత్రం ప్రసాద్ గుమ్మంలోకి రాగానే ముఖం వెలిగినప్పుడూ అదే. ఏది ఎందుకన్నదో గొంతుని బట్టి తెలుసుకోవడం ఆయనకి కొంత అలవాటైంది, కొంత అవలేదు.

మాట నేర్పడానికి వరలక్ష్మి అనే ఆవిడ వచ్చేది. పంజాగుట్టలో ఆమెకి చిన్న గది ఉంది, పక్షవాతం వచ్చినవాళ్లకి మాట నేర్పడమే ఆమె పని. మంచి మనిషి. గొడుగు, కుక్క, అరటిపండు బొమ్మలున్న అట్టముక్కలు తెచ్చి ఒక్కొక్కటే చూపించేది. "ఇదేంటమ్మా? గొ... గొ..." అని అందించేది. పాతికమంది ఎదురుగా గంటలకొద్దీ మాట్లాడిన మనిషి అరటిపండు పేరు చెప్పలేక చెమటలు పట్టి కూర్చునేది. ఒకరోజు ఎడం చేత్తో అట్టముక్కలన్నీ నేలమీదికి విసిరేసింది. వరలక్ష్మి వాటిని ఏరుకుంది. ప్రసాద్ ఆమెకి క్షమాపణ చెబుతుంటే, మంచం మీద కుసుమకుమారి మొహం గోడకి తిప్పుకుంది.

ఉమర్ ఇంట్లోకి ఒక కంప్యూటర్ తెచ్చి పెట్టాడు.

"నోటితోని రాకపోతే ఏమైతది ప్రసాద్ భాయ్, చేతితోని వస్తది. అక్కకు ఇది నిద్రలో సుత వచ్చు. జర చూడండి."

తెర రెండు భాగాలుగా వెలిగింది. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టారు. ఎడం చెయ్యి కీబోర్డు మీద పెట్టింది. ఒక అక్షరం, ఇంకో అక్షరం. కాసేపు చూసి చెరిపింది. మళ్లీ కొట్టింది. ఏ రెండూ ఒక పదం కాలేదు. కుడి పక్క భాగం ఖాళీగానే ఉంది. ఆమె కీబోర్డుని నెట్టేసి, తలని బల్లకి ఆనించింది. ఉమర్ "ఇప్పుడే వస్త" అని బయటికి వెళ్లాడు. ప్రసాద్ కాసేపయ్యాక వెళ్లి చూస్తే మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

కంప్యూటర్ అలాగే ఉండిపోయింది. ఒక ఆదివారం ప్రసాద్ దాని మీద దుమ్ము తుడుస్తూ, ఊరికే ఆన్ చేశాడు. సరుకు బిల్లులు కొట్టీ కొట్టీ ఆయనకి టైపింగ్ వచ్చు. అంతకు మించి ఏమీ తెలియదు. ఆమె క్లాసులో వాడే పాఠం ఒకటి తెర మీదికి వచ్చింది. ఏటీఎం బొమ్మ. ఏదో నొక్కితే ఒక వరుస ఎగిరిపోయింది, దాంతోపాటు ఒక బాణమూ పోయింది.

"ఆగండి!"

ఆయన ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఆమె మంచం మీద నుంచి లేచి కూర్చుని ఉంది. గోడ పట్టుకుని నడిచి వచ్చింది. బాణం పోయిన చోట తెర మీద వేలు పెట్టింది. ఒక గడి మీద తట్టి, కింది గడి మీద తట్టింది. ప్రసాద్ పై వరుసల్లో ఎలా ఉందో చూసి, కూడబలుక్కుని రాశాడు. బాణం వచ్చింది. ఆమె తల ఊపింది.

రాసినది ఆమెకి చదవడం రాదు. బొమ్మ మాత్రం తెలుస్తోంది.

ఆ సాయంత్రమంతా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఒక్కో గడినీ పైకి చదివి వినిపిస్తూ, 'కుసుమ' అని ఒక గడి తెచ్చాడు. 'ముందు గది', 'వెనక గది' అని రెండు గళ్లు. ఆసుపత్రి నుంచి వచ్చాక గాలి వస్తుందని, వచ్చేపోయేవాళ్లతో పొద్దుపోతుందని ఆమె మంచం ముందు గదిలోనే వేయించాడు. కుసుమ నుంచి ముందు గదికి బాణం వేశాడు. ఆమె వెంటనే ఆ బాణం మీద వేలు పెట్టి "ఆగండి, ఆగండి" అంది. చెరిపేసి, వెనక గదికి వేశాడు. ఆమె వేలు తీసేసింది. కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"అందరూ వచ్చి చూసిపోతున్నారనా?" అని అడిగాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ నాకు తోచలేదు కుసుమా" అన్నాడు. ఆ రోజే మంచం లోపలికి మార్చాడు.

అలా కొన్ని సంగతులు తెలిశాయి. కాఫీ తర్వాత కాదు, ముందే స్నానం కావాలని తెలిసింది. కిటికీ తలుపు రాత్రి మూయవద్దని తెలిసింది. అన్నీ తెలిశాయని కాదు. ఒకసారి ఆమె ఏదో అడగాలని చాలా తాపత్రయపడింది. ఆయన ఇంట్లో వస్తువుల పేర్లన్నీ కొట్టాడు, చుట్టాల పేర్లు, ఊళ్ల పేర్లు, దేవుళ్ల పేర్లు కొట్టాడు. కొత్త గడి వచ్చిన ప్రతిసారీ ఆమె ఆశగా చూసి, తల అడ్డంగా ఊపేది. చివరికి అలసిపోయి పడుకుంది. మర్నాడు మళ్లీ అడగలేదు. అదేమిటో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు.

వానాకాలంలో ఒకరోజు 'ప్రసాద్', 'కుసుమ' అని రెండు గళ్లు వేశాడు. ఆయన నుంచి ఆమెకి వెళ్లే బాణాలు గీశాడు, స్నానం, మందులు, అన్నం. రేపటి పనులు ఆమెకి చూపించి సరేననిపించుకోవడం అప్పటికి అలవాటైపోయింది. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ఆ బాణాలన్నింటినీ ఒకేసారి చేత్తో తుడిచేసినట్టు తెర మీద అరచెయ్యి రాసింది.

"నేను చెయ్యొద్దా? మీ చెల్లెలి దగ్గరికి పాలకొల్లు వెళ్తావా?"

ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది. "ఆగండి! ఆగండి!" అని కుర్చీ చెక్క మీద కొట్టింది. ఆయన బాణాలు తీసేశాడు. ఏడ్చింది. మళ్లీ పెట్టాడు. ఏడ్చింది. ఏమీ తోచక, ఎందుకో, ఒక వరుసలో రెండు పేర్లనీ అటూ ఇటూ మార్చాడు. బాణం కుసుమ నుంచి ప్రసాద్‌కి వచ్చింది. ఆమె ఏడుపు ఆపేసి ఆయన వైపు చూసింది.

"నువ్వు నాకు చేస్తావా? ఏం చేస్తావు?"

'వంట' అని కొట్టాడు. కాదంది. 'బట్టలు' అన్నాడు. కాదు. బాగా ఆలోచించి 'పాఠం' అని కొట్టాడు. ఆమె తల పైకీ కిందికీ ఎంత గట్టిగా ఊపిందంటే ముడి ఊడిపోయింది.

అప్పట్నుంచి ప్రసాద్ ఆమె విద్యార్థి అయ్యాడు. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చునేవాడు. పాత పాఠాల్లోంచి ఒకటి తీసి చెరిపేసి, మళ్లీ తనంతట రాసేవాడు. ఆమె పక్కన కూర్చుని కుడి పక్క బొమ్మనే చూస్తుండేది. తప్పు వస్తే ఆయన మణికట్టు మీద చిన్నగా ఒక దెబ్బ, ఆపైన తెర మీద వేలు. పాస్‌వర్డ్ తప్పయితే ఎక్కడికి పోవాలో ఆయన మర్చిపోయేవాడు, ఆమె వెనక్కి వెళ్లే బాణాన్ని గాల్లో గీసి చూపించేది. ఆయనకి పని వచ్చేసింది. వచ్చేశాక ఆమెకి పట్టుకోవడానికి తప్పులు లేకుండా పోయాయి. అందుకని ఆయన కావాలనే కొన్ని తప్పులు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆమె తప్పు మీద వేలు పెట్టబోయి ఆగింది. ఆయన ముఖంలోకి చూసింది. పట్టుబడిపోయినట్టు ఆయన తల దించుకున్నాడు. అప్పుడు ఆమె నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. సగం నోటితో, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఇది ఉమర్ చూశాడు.

"అక్కను క్లాసుకు తీసుకరండి భాయ్. లెక్చర్ అక్కర్లేదు. పిల్లలు ల్యాబ్‌ల కూసొని బొమ్మలు చేస్తుంటరు, తప్పులు చూపిస్తే చాలు. గా పని ఆమె కంటే మంచిగ ఎవ్వరు చేస్తరు?"

మధ్యాహ్నాలు ఆమె ల్యాబ్‌కి వెళ్లసాగింది. ఇంట్లో తోడుగా ఉండే లచ్చమ్మ ఆటోలో తీసుకెళ్తే, మెట్ల దగ్గర నుంచి అర్జూ అందుకునేది. అర్జూకి అప్పటికే బేగంపేటలో ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టు ఉద్యోగం వచ్చింది. అయినా నిద్ర మానుకుని ఆ వేళకి వచ్చేది. కుసుమకుమారి జరీ అంచు నేత చీర కట్టుకుని, మునుపటిలాగే గడియారం పెట్టుకుని, వరుసల మధ్య ఒక కాలు ఈడుస్తూ తిరిగేది. ఒక తెర ముందు ఆగేది. "ఆగండి" అనేది. వేలు పెట్టేది. ఆ వేలు పెట్టిన చోట తప్పు ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చిన ప్రసాద్‌కి ఆమె ఒంట్లోంచి మార్కర్ సిరా, చెమట, ల్యాబ్‌లోని వేడి కలిసిన పాత వాసన వచ్చేది. ఆయన ఆ వాసనకి ఎంత సంతోషపడేవాడో ఎవరికీ చెప్పలేదు.

అది చలికాలం గడిచేదాకా సాగింది. ఒకరోజు ఆమె ఒక అమ్మాయి తెర ముందు నుంచుని ఉంది. ప్లైవుడ్ అవతల ఎవరో కుర్రాడు, "ఆగండి మేడమ్ వచ్చిందిరో!" అన్నాడు. కాలు ఈడ్చిన చప్పుడు. గొంతు సాగదీసి, "ఆ... గం... డి" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. ల్యాబ్‌లో ఉన్న అందరికీ వినపడింది. ఆమెకీ వినపడింది.

ఆమె ఆ అమ్మాయి బొమ్మలో తప్పు చూపించడం పూర్తి చేసింది. తన సంచీ తీసుకుంది. ఉమర్ ముఖం ఎర్రబడి అవతలి గదిలోకి దూసుకుపోతుంటే అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. కిందికి దించమని అర్జూ భుజం మీద చెయ్యి వేసింది. మళ్లీ వెళ్లలేదు. ఉమర్ రెండు మూడుసార్లు వచ్చి బతిమాలాడు. ప్రసాద్ తెర మీద 'ల్యాబ్' అన్న గడి వేసి చూపించాడు. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కి తరలిపోయింది. దాంతోపాటు ప్రసాద్ ఉద్యోగమూ. తెల్లవారుతూనే బస్సు ఎక్కాలి, వచ్చేసరికి చీకటి. సాయంత్రం పాఠాలు ఆదివారాలకి తగ్గాయి. ఆ ఆదివారాల్లోనూ ఆమె తొందరగా అలసిపోయేది. ఆయన కావాలని పెట్టిన తప్పుల్ని కూడా చూసీ చూడనట్టు వదిలేసేది. ఒక్కోసారి ఆయన భుజానికి తల ఆనించి, తెర వైపు చూడకుండా కళ్లు మూసుకునేది. అప్పుడు ఆయన రాయడం ఆపి, కదలకుండా కూర్చునేవాడు.

మరుసటి ఏడు జోరుగా వానలు పడుతున్న రోజుల్లో ఆమెకి రెండోసారి పక్షవాతం వచ్చింది. లచ్చమ్మ ఫోన్ చేసింది.

"అయ్యా, అమ్మ పలుకుతలేదు. ఆ ఒక్క మాట సుత అంటలేదు."

ఉమర్, లచ్చమ్మ కలిసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. శంషాబాద్ నుంచి వచ్చే బస్సు దారంతా నీళ్లలో ఆగుతూ ఆగుతూ వచ్చింది. ప్రసాద్ చేరేసరికి ఆమెకి స్పృహ లేదు. తెల్లారేలోగా పోయింది. పంజాగుట్ట శ్మశానంలో దహనం చేశారు. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినవాళ్లు మెడలో కార్డులతో, చేతుల్లో గొడుగులతో గేటు దాకా నిండిపోయారు. వాళ్లలో చాలామంది ప్రసాద్‌కి తెలియదు. ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పి, ఏ సంవత్సరం బ్యాచో చెప్పి వెళ్లారు. ఆయన అందరికీ తల ఊపాడు. ఏడవలేదు. ఉమర్ దానికి భయపడి, రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. ఇద్దరూ టీ తాగేవారు.

కొన్నాళ్లకి వరలక్ష్మి ఫోన్ చేసింది. సారయ్య అనే దర్జీ తన దగ్గరికి వస్తున్నాడని, మాట పోయిందని, మీరు కుసుమగారితో చేసిన పద్ధతి ఒకసారి వాళ్లకి చూపిస్తారా అని అడిగింది. ప్రసాద్ ఆదివారం వస్తానన్నాడు.

పంజాగుట్టలో వరలక్ష్మి గది చిన్నది. కంప్యూటర్ ముందు సారయ్య కూర్చుని ఉన్నాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, పెద్ద పెద్ద వేళ్లు. పక్కన భార్య సత్తెమ్మ కొంగుతో ఆయన మూతి తుడుస్తోంది. ప్రసాద్ కూర్చుని రెండు గళ్లూ బాణమూ వేసి చూపించాడు. సారయ్య తెర వైపు చూశాడు, ప్రసాద్ వైపు చూశాడు, మళ్లీ కిందికి చూశాడు. చాలాసేపు ప్రయత్నించారు. ఒక్కసారి కూడా వేలు ఎత్తలేదు. చదువు లేని మనిషి, ఈ గళ్లు ఆయనకి ఏ పరిచయమూ లేనివి. ఇది అందరికీ పనికిరాదని ప్రసాద్‌కి అప్పుడే అర్థమైంది.

సత్తెమ్మ ముఖం చిన్నబోయింది. మెల్లగా అడిగింది.

"మీ ఇంటామెకు గిట్లనే ఉండెనట గదా అన్నా? వరలక్ష్మమ్మ చెప్పింది. ఇప్పుడెట్లున్నది?"

వరలక్ష్మి గబుక్కున తల ఎత్తింది. ప్రసాద్ చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. సారయ్య కూడా ఆయన వైపే చూస్తున్నాడు. మాట రాకపోయినా ఆ కళ్లు జవాబు కోసం కాచుకుని ఉన్నాయి.

"బాగుందమ్మా" అన్నాడు ప్రసాద్. "బాగానే ఉంది."

"విన్నవా?" అని సత్తెమ్మ భర్త భుజం తట్టింది. "ఆమెకు మంచిగైందట. నీకు సుత అయితది. ఫికర్ చెయ్యకు."

ప్రసాద్ లేచి, మంచినీళ్లు తాగివస్తానని బయటికి వెళ్లాడు. వసారాలో గోడకి ఆనుకుని, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. కింద రోడ్డు మీద బస్సుల హారన్లలో అది ఎవరికీ వినపడలేదు. వరలక్ష్మి తలుపు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి ఆయన ముఖం కడుక్కుని లోపలికి వచ్చాడు. కుర్చీ సారయ్యకి మరికాస్త దగ్గరగా లాక్కున్నాడు. గళ్లలో ఉన్నదంతా చెరిపేశాడు.

"చొక్కా కుట్టేటప్పుడు ముందు ఏం కత్తిరిస్తారు సారయ్యగారూ?" అని అడిగాడు. "వీపా, చేతులా?"